జపాను బొమ్మకథల గాయని

గడచిన దసరాలలో మా యింట పేరంటము జరిగినది. బొమ్మల కొలువు ముందు వచ్చినవారొకరొకరు పాడిన పిమ్మట, వీధి చివరి యింటి పెద్దముత్తైదువ మా పెద్దమ్మాయిని పిలిచి "నీవొక పాట పాడవే, తల్లీ" యనిరి. పిల్లకు పండ్రెండేండ్లు. రెండేండ్లనుండి సంగీతము చెప్పించుచున్నాము. ఏదో యొక కీర్తన యెత్తుకొనునని మేము చాపమీద సర్దుకొని కూర్చుంటిమి. అది కన్నులు మూసికొని, మాకెవ్వరికిని తెలియని భాషలో, సైనికులు నడచునట్టి తాళముతో నొక పాటను మొదలునుండి తుదివరకు గొంతెత్తి పాడివేసినది. కొందరు నవ్విరి. ఒకరు "ఇది యే దేవుని పాటే?" యని యడిగిరి. మాకు సిగ్గు వేసినది; ఆ సిగ్గు క్షణములో కోపమైనది. అందరి యెదుటనే "బొమ్మలాటల పాటలు పేరంటములో పాడుదురటే? ఇందుకా నీకు సంగీతము చెప్పించుచున్నది?" అంటిమి. పిల్ల మారు పలుకక లోపలికి పోయినది.

ఆనాటినుండి అది జపాను పాటయు పాడలేదు, కీర్తనయు పాడలేదు. సంగీతము మాస్టారు వచ్చిన దినములలో గొంతు నొప్పి యనెడిది. వారము గడచిన తరువాత మా యింటివారు భోజనము చేయుచు "ఆ పాట యెవరిదో తెలిసికొంటివా?" యని యడిగిరి. లేదంటిమి. "అయితే పుస్తకము విప్పకుండ విమర్శ వ్రాసితివన్నమాట" యని చేయి కడుగుకొన లేచిరి. వారు బడిపంతులు గనుక మందలింపు కూడ పాఠము చెప్పినట్లే యుండును. ఆ మాట మాకు ముల్లువలె నాటుకొన్నది. మా నాయనగారు మమ్ము బడికి పంపక యింటనే అమరమును, రఘువంశమును, భారతమును చెప్పినవారు. తెలియని గ్రంథమును గూర్చి నోరెత్తరాదని వారు మాకు చెప్పినది యిన్నియేండ్లకు మరచితిమి గదా యనిపించినది.

దీపావళికి మా యాడుబిడ్డ ఫోను చేసినది. ఆమె గల్ఫు దేశములలో నొక యాసుపత్రిలో నర్సు. జరిగినది చెప్పగా పకపక నవ్వి "ఆ పాపము నాది, వదినా. వేసవి సెలవులకు వచ్చినప్పుడు దానికి నేర్పినది నేనే" యన్నది. తనకెవరు నేర్పిరనగా, తనతో పనిచేయు ఫిలిప్పీను దేశపు నర్సులు కొందరు, ఐదుపదుల వయసువారు, రాత్రి డ్యూటీలో నిద్ర ముంచుకొని వచ్చునప్పుడు ఆ పాటను పాడుకొందురనియు, వారికి జపాను భాష ముక్కయైనను రాదనియు, పాట మాత్రము అక్షరము తప్పక వచ్చుననియు చెప్పినది. జపానులో పుట్టి, ఫిలిప్పీను స్త్రీల నోట పెరిగి, గల్ఫు ఆసుపత్రిలో నిద్ర మేల్కొని, మా కొలువు ముందరికి వచ్చిన పాట యది. అంత దూరము నడచి వచ్చిన దానిని మేము గుమ్మములోనే తిట్టి పంపితిమి. దానిని మొదట పాడినవారెవరని నాటినుండి విచారించి, చదివియు వినియు తెలిసికొన్న దానిని చదువరులకు విన్నవించుచున్నాము.

ఆమె పేరు మిత్సుకో హొరియె. 1957వ సంవత్సరము మార్చి 8వ తేదీన జపానులోని కనగవా మండలమున పుట్టినది. 1969లో, అనగా మా పిల్ల యీడుననే, ఆమె తొలిపాట వెలువడినది. ఆ పాట "కురెనాయ్ సాన్‌షిరో" యను బొమ్మకథకు పాడినది. తండ్రిని చంపినవానిని వెదకుచు దేశములు తిరుగు జూడో వీరుని కథ యది. పగయు, పౌరుషమును నిండిన యట్టి కథకు పండ్రెండేండ్ల యాడుపిల్ల గొంతు పెట్టవలెనని యెవరికి తోచెనో గాని, తోచినవారు రసజ్ఞులు. మగవాడు పాడియుండిన నది రంకె యయ్యెడిది. ఈ పిల్ల పాడగా తండ్రిలేని బిడ్డ గొంతు వినబడుచున్నది.

కదలు బొమ్మలతో కథ చెప్పు చిత్రములను జపానువారు యానిమే యందురు. 1963 జనవరి 1న "టెత్సువాన్ అటోము" యను నినుప బాలుని కథ మొదలైన పిదప ప్రతివారమును అరగంటసేపు టీవీలో వచ్చు బొమ్మకథలు ఆ దేశమున ప్రబలినవి. ప్రతి కథకును ముందొక పాట, వెనుక నొక పాట. ముందుపాటకు కాలపరిమితి తొంబది సెకండ్లు. ఆ తొంబది సెకండ్లలో కథానాయకుని పేరు చెప్పవలెను, కథ నవ్వించునదో యేడ్పించునదో సూచింపవలెను, పెరటిలో నాడుకొను పిల్లను టీవీ ముందరికి రప్పింపవలెను. మాట స్పష్టముగా నుండవలెను, లేకున్న నైదేండ్ల బిడ్డ పట్టుకొనలేదు. రాగము సులభముగా నుండవలెను, అయినను వారము వారము రెండేండ్లు విన్నను విసుగు పుట్టరాదు.

దీనిని చదువుచుండగా మాకు భరతుని నాట్యశాస్త్రము స్మరణకు వచ్చినది. అందు ధ్రువలని యైదు విధముల పాటలు చెప్పబడినవి. పాత్ర రంగమునకు వచ్చునప్పుడు పాడునది ప్రావేశికి, పోవునప్పుడు పాడునది నైష్క్రామికి. మన కూచిపూడివారి ప్రవేశదరువు దానికి బిడ్డయే గదా! తెర వెనుకనుండి సత్యభామ జడ వచ్చుటయు, దరువు వచ్చుటయు నెరుగని తెలుగు స్త్రీ యుండదు. జపాను బొమ్మకథల ముందుపాట ప్రావేశికి, వెనుకపాట నైష్క్రామికి. జపానువారు భరతుని చదివి చేసినారని మేమనము. కథ చెప్పువారందరికిని గడప దాటునప్పుడు పాట కావలసివచ్చును గాబోలు. ఈ పోలిక దొరికిన తరువాత మేము కొలువు ముందన్న మాట మాకే మరింత చేదైనది. దరువును గౌరవించు నోటితో దరువునే తిట్టితిమి గదా.

అయినను ఆ దినములలో జపానులో కూడ నా పాటలకు మర్యాద తక్కువ. "టీవీ మాంగా పాటలు", అనగా టీవీ బొమ్మలకథల పాటలు, అని పిల్లల సరుకుల క్రింద జమకట్టెడివారు. పెద్దల పాటలలో పేరు రానివారు పాడునవి యను భావము చాలమందికుండెను. హొరియెతో గూడ నీ రంగమున స్తంభములనదగినవారు నలుగురని అచటివారు చెప్పుకొందురు: ఇచిరో మిజుకి, ఇసావో ససాకి, కుమికో ఓసుగి, ఈమె. వీరిలో మిజుకి 1968లో పెద్దలకు ప్రేమగీతము పాడి రంగమున ప్రవేశించి, దానివలన పేరు రాక, 1971లో బొమ్మకథల వైపు తిరిగినవాడు. హొరియె సంగతి వేరు. ఆమె పండ్రెండేండ్లనాడే యీ వాకిట నడుగు పెట్టినది. పెద్దదైన పిమ్మటను విడిచిపోలేదు. బాల్యమున పాడిన పిల్లలు గొంతు మారినంతనే మరుగున పడుట లోకములో తరుచుగా చూచుచున్నదే. ఈమె గొంతు మారినది, ముదిరినది, గాని పాట పిల్లలదిగనే నిలిచినది.

1976లో "క్యాండీ క్యాండీ" వచ్చినది. అనాథాశ్రమమున పెరిగిన యొక పిల్ల కథ. అది మొదట "నాకయోషి" యను బాలికల మాసపత్రికలో బొమ్మలతో వెలువడినది. మాసపత్రిక చదువు మనకీ మాట యింపుగా నుండును. కథ వ్రాసిన కెయికో నగితగారే పాటను గూడ వ్రాసిరి. తకెవో వతనబే స్వరము కట్టెను. హొరియెకప్పుడు పందొమ్మిదేండ్లు. ఆ పాటతో ఆమె పేరు ఇంటింట తెలిసినది. మేమీ పాటను పదిమారులైనను వినియుందుము. అందు దుఃఖము కనబడదు. ముఖముమీది మచ్చలను గూర్చియు చింతలేని పిల్ల గంతులు వేయుచున్నట్లుండును. కాని రెండవ చరణము వేళకు, నవ్వుచున్న యీ పిల్లకు తనవారెవ్వరును లేరని వినువారికి తెలిసిపోవును. ఎట్లు తెలిసినదని మరల మరల విని చూచితిమి. గొంతు ఎచ్చటను వణకదు, నిట్టూర్పు లేదు. అక్షరము చివర నొక్క రవ్వంత నిలుపు, అంతే. మేము సంగీతశాస్త్రము క్షుణ్ణముగా నేర్చినవారము గాము, గనుక దీనికి పేరు పెట్టజాలము.

ఈ కథకు తరువాత పట్టిన గతి విచారకరము. కథ వ్రాసినామెకును, బొమ్మలు గీసినామెకును హక్కుల విషయమై తగవు పుట్టి న్యాయస్థానముల కెక్కినది. 2001లో జపాను అత్యున్నత న్యాయస్థానము కథ వ్రాసినామె హక్కును స్థిరపరచెను. కాని యిద్దరికిని పొత్తు కుదరలేదు. ఆ తగవు మొదలైన పిమ్మట ఆ దేశమున కథ మరల అచ్చగుటయు, టీవీలో వచ్చుటయు నిలిచిపోయినవి. పాట మాత్రము నిలిచినది. ఇంటిని గూర్చి యన్నదమ్ములు పోరాడుచుండగా నా యింట పుట్టిన పిల్ల వీధిలో పాడుకొనుచు తిరిగినట్లున్నది.

మా పిల్ల పాడినది 1977 నాటి "వోల్టెస్ ఫైవు" పాట. ఐదుగురు యువజనులు ఐదు యంత్రముల నెక్కి, వానిని కలిపి యొక మహాయంత్రపురుషునిగా చేసి, పరలోకమునుండి దండెత్తివచ్చిన వారితో పోరాడుదురు. ఆ యైదుగురిలో మువ్వురన్నదమ్ములు. వారి తండ్రి కనబడకపోయినాడు, వానిని వెదకుటయే కథకు వెన్నెముక. ఇట్టి యంత్రముల కథలు యంత్రపుబొమ్మల నమ్ముకొనుటకే తరుచుగా పుట్టినవనుట దాచవలసినది గాదు. బొమ్మల వర్తకులు డబ్బు పెట్టుదురు, కథకులు కథ చెప్పుదురు. అయినను తడవో నగహామ యను దర్శకుడు ఈ కథలో రాజ్యభ్రష్టుల దుఃఖమును, కొమ్ములున్నవారు గొప్పవారు, లేనివారు బానిసలు అను శత్రులోకపు టన్యాయమును చొప్పించెను. తలమీద కొమ్ములు లేకుండుట చేతనే యొకడు దాస్యమున కీడ్వబడు కథ విన్నప్పుడు, మన పురాణములు విన్నవారికి వింత యేమియు తోచదు. ఇట్టి యుద్ధగీతములు సాధారణముగా మగవారి పాలివి. దీనిని ఇరువదియేండ్ల హొరియె పాడినది.

ఆ కథ మరుసటి యేట ఫిలిప్పీను దేశమున టీవీలో వచ్చి పిల్లలను వెర్రివాండ్రను చేసినది. కథ యింగ్లీషులోనికి మార్చబడెను, పాట మాత్రము జపాను భాషలోనే యుండిపోయెను. 1979లో, కథ ముగియుటకు నాలుగు భాగములే మిగిలియుండగా, మార్కోసు ప్రభుత్వము దానిని నిషేధించినది. పిల్లలకు దౌర్జన్యము నేర్పుచున్నదని తల్లిదండ్రులు కొందరు మొరపెట్టుకొనిరని ప్రభుత్వము చెప్పినది. నిరంకుశుని మీద తిరుగుబాటు చేయు కథ గనుకనే యాపిరని ప్రజలు చెప్పుకొనిరి. ఏది నిజమైనను, పిల్లల కది తగిలిన దెబ్బయే. మా యాడుబిడ్డతో పనిచేయు నర్సు ఒకామె చెప్పినదట: అప్పుడు తనకు తొమ్మిదేండ్లు; ఆ సాయంకాలము టీవీ ముందు కూర్చుండగా వేరొక కార్యక్రమము వచ్చినది; తండ్రి దొరకెనో లేదో తెలియక ఆమెయు, తమ్ముడును ఏడ్చిరి. 1986లో మార్కోసు పదవి కోల్పోయిన పిదపగాని మిగిలిన కథ ఆ దేశమువారికి దొరకలేదు. నడుమ నేడేండ్లు వారికి పాట యొక్కటియే మిగిలినది. 2023లో ఆ దేశపు టీవీవారే నటులతో ఆ కథను తిరిగి తీసిరి. అప్పుడు కూడ పాటను తమ భాషలోనికి మార్చక జపాను మాటలతోనే తమ గాయనిచే పాడించిరి.

హొరియె పాటతో నాగక బొమ్మపాత్రలకు మాటలు చెప్పుటయు చేసినది. 1986లో పాలియానా, 1990లో "డాడీ లాంగ్‌లెగ్స్" కథలోని జూడీ. ఈ రెండు నవలలును ఇంగ్లీషు చదివిన మన సోదరీమణులలో చాలమంది యెరిగినవే. రెండింటను అనాథబాలికలే నాయికలు. పగతో తిరుగు తండ్రిలేని బాలుడు, క్యాండీ, తండ్రిని వెదకు నన్నదమ్ములు, పాలియానా, జూడీ, అని వ్రేళ్ళు మడచుకొని లెక్కపెట్టితిమి. దిక్కులేని పిల్లలందరు ఈమె గొంతు వెదకికొని వచ్చినట్లున్నది. ఆమెను మంచి పిల్లల పాత్రలకే కట్టివేయలేదు సుమా. 1996లో "సెయిలర్ మూన్" కడపటి భాగమున గాలక్సియా యను క్రూరరాణికి మాట యిచ్చినదియు నీమెయే. నలుబదికి చేరువైన వయసున పలికిన ఆ గంభీరస్వరము విని, పండ్రెండేండ్ల నాటి గొంతు విన్నచో, తల్లియు కూతురునని భ్రమపడుదుము.

వీడియో ఆటలను మేము ప్రేమింపము. మా చిన్నవాడు కన్నులు పాడుచేసికొనుచున్నాడు. అయినను ఒక మాట చెప్పకున్న పక్షపాతమగును. 1991లో మొదలైన "సూపర్ రోబో వార్సు" అను నాటల వరుసలో పాత యంత్రవీరులందరిని ఒకచోట చేర్చిరి. ఆడు పిల్లవాడు వోల్టెసును యుద్ధమునకు పంపినప్పుడు ఆ పాట రాగమే మ్రోగును. ఆ కథ యెన్నడును చూడని పిల్లలు కూడ రాగమును గుర్తుపట్టుదురట. వీథినాటకము చూడనివారు దరువును కూనిరాగము తీసినట్లు.

మిజుకిని గూర్చి మరికొంత చెప్పవలెను. 1972లో "మజింగర్ జెడ్" పాటతో నతడు ప్రసిద్ధికెక్కెను. పిల్లలును, పెద్దలును అతనిని "అనికి", అనగా అన్నయ్య, యని పిలిచిరి. మన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి పేరు వినినవారికి ఈ పిలుపులోని చనువు తెలియును. 1999 ఆగస్టులో ఇరువదినాలుగు గంటలలో వేయి పాటలు పాడినాడు. అది మాకంత రుచించు పని గాదు. వేయి పాటలను విన్నవారెవరో పాపము! అయినను ఆ మనిషి దేనికి పాడుచున్నాడో యెరిగినవాడు. 2000లో తనవంటివారిని కొందరిని కూర్చి "జామ్ ప్రాజెక్టు" అను గాయకమండలిని స్థాపించెను. బొమ్మకథల పాటలను చిన్నచూపు చూడరాదనుటయే దాని యుద్దేశము.

అతడును, హొరియెయు కలిసి "ఇద్దరి బొమ్మకథల పాటలు" అను నర్థము వచ్చు పేరుతో కచేరీలు చేయుచుండెడివారు. 2021లో మిజుకి స్వరతంత్రి యొకటి పడిపోయినది. పరీక్షింపగా ఊపిరితిత్తుల క్యాన్సరు బయటపడినది. అప్పటికే యితర భాగములకు పాకియుండెను. 2022 జూలైలో ఆ సంగతిని లోకమునకు తెలిపి, పాడుట మానననెను. ఆ సంవత్సరము నవంబరు 27న చక్రముల కుర్చీలో వేదికకు వచ్చి, హొరియె ప్రక్కన పాడినాడు. అదే అతని కడపటి వేదిక. డిసెంబరు 6న మరణించెను. వయసు డెబ్బదినాలుగు. అతడు బొమ్మకథల వైపు తిరిగినది మొదలు అర్ధశతాబ్దమునకు పైగా ఇరువురును ఒకే వాకిట పాడిరి. ఆ కచేరీని గూర్చి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గాలి చాలని గొంతు ప్రక్కన నిలిచి, తన గొంతు మించకుండ, అతని గొంతు పడిపోకుండ పాడుట యెట్టిదో యూహించుకొనుచుంటిమి. మా అత్తగారు మంచమున పడియున్న దినములలో తులసిపాట మొదలిడి నిలుపుకొనలేకపోగా మేమందుకొనెడివారము. ఆ పాటను మేము సంగీతమని యెన్నడును లెక్కించియుండలేదు. నలుగుపాట, అప్పగింతలపాట, జోలపాట, వీనిని మాత్రము ఎవరు లెక్కించిరి?

మేమును పండ్రెండవయేట పాడెడివారము. ఒక పెద్దమనిషి "ఈ గొంతునకు సంగీత మెందుకు, పనిపాటలు నేర్పుడు" అనెను. అంతటితో మానితిమి. ఆ మాట యన్నవారు పోయి చాలయేండ్లైనది. మేము పిల్లతో నన్నమాట దానికంటె మెత్తనిదేమియు గాదు.

కార్తికమాసములో నొక మధ్యాహ్నము పెరటి యరుగుమీద చిక్కుడుకాయలు తీయుచు, పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని "ఆ వోల్టెస్ పాట నాకు నేర్పవే" యంటిమి. అది మా ముఖము చూచి, వెక్కిరింపనుకొన్నది కాబోలు, "నాకు రాదు" అన్నది. మరునాడడిగితిమి, మరచితిననినది. మూడవనాడు మేమడుగలేదు. మాకు తోచినట్లు మేమే మొదలుపెట్టితిమి. మాటలు తప్పు, తాళము తప్పు, మొదటి పలుకే తప్పు. పిల్ల చిక్కుడుకాయ చేతిలో నుంచుకొని కొంతసేపు ఓర్చుకొన్నది.

"అట్లా కాదమ్మా, వోల్టెస్ అనకూడదు. బొరుతెసు అనాలి. వాళ్ళు అట్లాగే అంటారు."

"బొరుతెసు" అంటిమి.

"ఇంకా గట్టిగా. అత్తయ్య చెప్పింది, ఇక్కడ ఊపిరి తీయకూడదట."

మేము ఊపిరి తీసితిమి. అది నవ్వి, మరల మొదటినుండి, తాను ముందు పాడి మమ్ము వెనుక పాడుమన్నది.